తప్పు చెప్పిన పిల్లను చూసి క్లాసంతా నవ్వితే ఆ నిమిషంలో మీరేం చేస్తారు?

సుద్దముక్క (బీఈడీ రెండో సంవత్సరం, లెక్కలు)

అందరికీ నమస్కారం. పోస్టు పెద్దది, ముందే చెప్తున్నా.

ఇంటర్న్‌షిప్‌లో ఉన్నాను. 16 వారాల్లో ఆరో వారం నడుస్తోంది. మా ఊరికి పన్నెండు కిలోమీటర్ల దూరంలో ఒక జిల్లా పరిషత్ హైస్కూలు. ఆరో తరగతి లెక్కలు నాకిచ్చారు. రిజిస్టర్లో 41 మంది, సంత రోజైతే ముప్పై దాటరు.

వచ్చే శుక్రవారానికి కాలేజీలో 'నా బోధనా తత్వం' అని రెండు పేజీలు రాసివ్వాలి. వైవాలో దాని మీదే అడుగుతారట. మొదటిసారి రాసి తీసుకెళ్తే మా లెక్చరర్ మేడం ఒక్క పేరా చదివి పక్కన పెట్టేశారు. "తరగతి గది ఒక పూలతోట, ప్రతి బిడ్డా ఒక పువ్వు, ఉపాధ్యాయుడు తోటమాలి" అని మొదలుపెట్టాను మరి. "నీకంటే ముందు పదకొండు మంది ఇదే తోట పట్టుకొచ్చారమ్మా. నీ క్లాసులో ఏం జరిగిందో అది రాసుకురా" అన్నారు. సిగ్గేసింది. నిజానికి ఆ తోట మా సీనియర్ రికార్డులోంచి ఎత్తిందే.

నా క్లాసులో ఏం జరిగిందీ అని కూర్చుంటే ఒక్కటే గుర్తొస్తోంది. అది రాయబుద్ధి కావడం లేదు. ఇక్కడ నా పేరు ఎవరికీ తెలీదు కాబట్టి చెప్పేస్తున్నా.

పూర్ణ సంఖ్యల పాఠం, మూడో పీరియడ్. బోర్డు మీద −3, −8 రాసి ఏది పెద్దది అని అడిగాను. రోజూ లేచే ఐదు చేతులే లేచాయి. ఎప్పుడూ వీళ్ళేనా అని, మూడో వరసలో కిటికీ పక్కన కూర్చునే అమ్మాయిని లేపాను. నెమ్మదస్తురాలు. నోట్సు మాత్రం చూడముచ్చటగా ఉంటుంది. స్కేలు లేని రోజు జామెట్రీ బాక్సు మూత పెట్టి మార్జిన్ గీస్తుంది, గీత ఎక్కడా వంకర పోదు. లేచి నిలబడి మెల్లగా "మైనస్ ఎయిట్ మేడం" అంది.

వెనక నుంచి ఎవడో 'హో' అన్నాడు. ఇక అందరూ అందుకున్నారు. నేనూ నవ్వాను. పైకి కాదు, పెదవి కదిలిందంతే. కానీ ఆ పిల్ల నవ్వుతున్న క్లాసు వైపు చూడలేదు, నా మొహంలోకి చూసింది. చూసి కూర్చుంది. కూర్చోమని నేననలేదు.

ఆ తర్వాత నేను చేసిన ఘనకార్యం ఏమిటంటే, "ఎవరు చెప్తారు మరి?" అని ఆ ఐదు చేతుల్లో ఒకదాన్ని పిలవడం. క్లాస్ లీడరు "మైనస్ త్రీ" అన్నాడు. "వెరీ గుడ్, క్లాప్స్" అన్నాను. లెసన్ ప్లాన్‌లో ఆ చోట 'పునర్బలనం' (మెచ్చుకుని ప్రోత్సహించడం) అని రాసుకున్నాను కదా, చప్పట్లు కాగానే టిక్కు కూడా పెట్టుకున్నాను.

ఇది జరిగి తొమ్మిది రోజులు. ఇప్పుడు ఆ పిల్ల అటెండెన్సుకి కూడా 'ప్రెజెంట్ మేడం' అనడం లేదు. చెయ్యి సగం ఎత్తి దించేస్తుంది.

మైక్రో టీచింగ్‌లో, అంటే కాలేజీలో చిన్న చిన్న పాఠాలతో చేయించే సాధనలో, ఇవన్నీ నేర్పారు, నేర్పలేదని అనను. 6 నిమిషాల పాఠం, 6 నిమిషాల ఫీడ్‌బ్యాక్, మార్చి రాసుకోడానికి 12, మళ్ళీ పాఠానికి 6, మళ్ళీ ఫీడ్‌బ్యాక్‌కి 6, మొత్తం 36 నిమిషాలు. కానీ అక్కడ పిల్లలుగా కూర్చునేది మా క్లాస్‌మేట్లే. తప్పు చెప్పమంటే బుద్ధిగా ఒక తప్పు చెప్పి, సరిదిద్దగానే "అర్థమైంది మేడం" అంటారు. 'హో' అనేవాడు ఉండడు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. నా క్లాసులో గోల ఎక్కువ. నేను ట్రైనింగ్ మేడం అని పిల్లలకు తెలుసు, మార్కులు నా చేతిలో లేవనీ తెలుసు. గోల మరీ పెరిగితే పక్క గదిలోంచి ఒక సార్ వచ్చి గుమ్మంలో నిలబడతారు. ఏమీ అనరు. చంకలో కానుగ బెత్తం ఉంటుంది. అంతే, చీమ చిటుక్కుమన్నా వినబడుతుంది. వెళ్తూ వెళ్తూ "అంత చనువివ్వకమ్మా" అంటారు. మంచాయనే, నాకు బస్సు తప్పితే బండి మీద మెయిన్ రోడ్డు దాకా దింపుతారు. ఆయన ఎవరినీ కొట్టగా నేను చూడలేదు, కొట్టేదాకా రాదు. ఆయన వచ్చి వెళ్ళాక పాఠం బ్రహ్మాండంగా సాగుతుంది. ఆ పావుగంట నాకు హాయిగా ఉంటుంది. అదే నాకు భయంగా ఉంది.

నేనడిగేది సిద్ధాంతం కాదు. తప్పు చెప్పిన పిల్లను చూసి క్లాసు నవ్వగానే మీ నోటివెంట వచ్చే మొదటి మాట ఏమిటి? అక్షరాలా చెప్పండి. ఈ పిల్లను మళ్ళీ ఎలా మాట్లాడించాలి? సారీ చెప్పాలా? చెబితే అందరి ముందా, విడిగానా? భయం లేని క్లాసంటే చివరికి గోల క్లాసేనా? వైవాలో పనికి రాకపోయినా పర్లేదు, రేపు మూడో పీరియడ్లో పనికొస్తే చాలు.

---

పాత లెక్కల సార్ (వరంగల్ దిక్కు, రిటైర్డ్)

బిడ్డా, నీ పోస్టు రెండుసార్లు చదివిన. నీ నవ్వు సంగతి తర్వాత మాట్లాడుదం. ముందుగాల లెక్క. ఆ పిల్ల చెప్పింది తప్పని ఎవరన్నరు?

తెలుగు మీడియంల మేము 'రుణ సంఖ్య' అని చెప్తుంటిమి. రుణం అంటే అప్పు. మూడు రూపాయల అప్పు పెద్దదా, ఎనిమిది రూపాయల అప్పు పెద్దదా? ఊర్ల ఎవర్నన్న అడుగు, ఎనిమిదే అంటరు. బ్రహ్మగుప్తుడు 628ల నియమాలు రాసినప్పుడు గూడ ధనం, రుణం అనే మాటలతోటే రాసిండు. ఆ పిల్ల అప్పు ఎంతున్నదో చూసింది. నువ్వు అడిగింది సంఖ్యారేఖ మీద ఎవరు కుడి దిక్కున్నరు అని, కుడి దిక్కున్నదే పెద్దది గద. 'పెద్దది' అన్న ఒక్క మాట రెండు దిక్కుల లాగుతున్నది, దాంట్ల పిల్ల తప్పేమున్నది? రేపు పై తరగతిల ఆమె చూసిన దానికే, మైనస్ గుర్తు తీసేసి చూసే విలువకు, పరమ మూల్యం అని పేరు పెట్టి మనమే నేర్పుతం. 'నెగెటివ్' అంటే ఈ అప్పు ముచ్చట కనబడది. అందుకని ఇంగ్లీషు మీడియం క్లాసుల గూడ ఒక్కసారన్న రుణ సంఖ్య అని తెలుగుల చెప్పు. పుస్తకం రెండు భాషలల్ల ఇచ్చింది ఎందుకు మరి.

అక్షరాలా ఏ మాట అని అడిగినవు కద. "ఎట్ల ఆలోచించినవు?" ఇదే మాట. కాని దీంట్ల ఒక మడతపేచీ ఉన్నది. తప్పు చెప్పినోళ్ళనే 'ఎట్ల' అని అడిగితే పిల్లలు రెండు రోజుల్ల పసిగడ్తరు, సార్ 'ఎట్ల' అన్నడంటే తప్పన్నట్టే అని. కరెక్టు చెప్పినోన్ని గూడ అడగాలె. నీ లీడర్ను అడిగి చూడు, మైనస్ త్రీ ఎందుకు పెద్దదిరా అని. గైడుల ఉన్నది అనకపోతే నన్నడుగు.

ఇగ నవ్వు. నవ్వు ఆపెతందుకు మొదట్ల నేను 'సైలెన్స్' అని అరిచిన. డస్టర్ తోటి టేబుల్ మీద కొట్టిన. ఒక్కసారి విసిరిన గూడ, ఒక పిల్లగానికి చెవి పక్కన తాకింది. ఆ పిల్లగాడు ఇప్పుడు మా వీధిల కిరాణ దుకాణం పెట్టుకున్నడు. నేను పోతే గల్లపెట్టె ఇడిసి లేసి నిలబడ్తడు. నేను ఉప్పు ప్యాకెట్ గూడ వేరే దుకాణంల తెచ్చుకుంట.

తర్వాత తర్వాత ఒకటి అలవాటు చేసుకున్న. నవ్వు రాంగనే ఏం అనకుండ బోర్డు దిక్కు తిరిగి, ఆ పిల్ల చెప్పిన జవాబును పెద్ద అక్షరాలతోటి రాసేటోన్ని. అది రాసినంక ఇంకెవరన్న వేరే చెప్తరా అని అడిగి దాని పక్కన రెండోది, మూడోది. ఎవలు చెప్పిన్రో పేరు రాయొద్దు. ఇప్పుడు ఒక్కో జవాబుకు చేతులెత్తమను. −8కు పదిహేను చేతులకు తక్కువ లేవయి చూడు. నవ్వినోళ్ళల్ల సగం మంది జవాబు గూడ అదే బిడ్డా. తమ జవాబు బయటపడొద్దని నవ్వుతరు.

అడిగినంక ఆగుడు గూడ నేర్చుకో. మేరీ బడ్ రో అని అమెరికాల ఒకామె క్లాసులను టేపుల మీద రికార్డు చేసి విన్నది, 1970 ప్రాంతంల. టీచర్లు ప్రశ్న అడిగి ఒక్క సెకను గూడ సరిగ ఆగుతలేరని తేలింది. మూడు సెకన్లు ఆగితే జవాబులు పొడుగైనయి, ఎప్పుడు నోరు తెరవనోళ్ళు గూడ తెరిసిన్రు. రిటైరయ్యే ముందట ఒక ట్రైనింగుల ఇది విని, గింతేనా అనుకున్న. మర్నాడు క్లాసుల మనసుల ఒకటి, రెండు, మూడు అని లెక్కబెట్టబోతే రెండు కాకముందే నా నోరు లేసింది. నువ్వు ఒక పని చెయ్యి. ఆ ఐదు చేతులు లేవంగనే "దించుండ్రి, అందరు నోట్సుల రాసి పక్కోళ్ళకు చూపెట్టుండ్రి" అను. అందరు రాస్తున్నరంటే నువ్వు ఆగుడు అలకగైతది.

సారీ చెప్పాలె. విడిగ పిలిస్తే ఏం తప్పు చేసిన్నో అని పిల్ల బెదురుతది. అందరి ముందట, లెక్క మీద పెట్టి చెప్పు. "మొన్న నేను తొందరపడ్డ, ఆ జవాబుల ఒక సంగతి ఉండె, నేను అడగలే" అను. పేరు తియ్యకు. ఎవరికి తెలవాల్నో వాళ్ళకు తెలుస్తది.

---

కొండబడి (ఎస్‌జీటీ, అంటే చిన్న తరగతుల టీచర్, పార్వతీపురం మన్యం జిల్లా)

సార్ లెక్క సంగతి చెప్పారు కాబట్టి నేను ఆ నిశ్శబ్దం గురించి చెప్తాను చెల్లీ.

నా మొదటి పోస్టింగు కొండ మీద ఏకోపాధ్యాయ పాఠశాల. ఒకటి నుంచి ఐదు దాకా 22 మంది, అందరూ సవర గిరిజన పిల్లలే, ఇంట్లో మాట్లాడేది సవర భాష. ఎంత బుద్ధిమంతులో అనుకునేదాన్ని. గోల లేదు, కొట్లాట లేదు, అందరి కళ్ళూ నా మీదే. ఇంటికి ఫోన్ చేసి గొప్పలు కూడా పోయాను. నవంబర్లో ఒక రోజు "తలుపు వేసి రా" అన్నాను. పిల్లాడు వెళ్ళి తలుపు బార్లా తీసొచ్చాడు. నేను చెప్పింది అర్థం కాలేదు వాడికి. ఐదు నెలలుగా నేను పాఠాలు చెబుతున్నది చాలావరకు గోడలకే అని ఆ రోజు తెలిసింది. మీ పక్క గది సార్ గుమ్మంలో నిలబడితే వచ్చే నిశ్శబ్దం కూడా ఒకసారి అనుమానించి చూడండి.

గిడుగు రామమూర్తి గారికి మనం ఆగస్టు 29న దండ వేసి వాడుక భాష గురించి మాట్లాడి వచ్చేస్తాం. ఆ ఉద్యమానికి ముందే ఆయన సవర నేర్చుకుని, సవర పిల్లలకు వాళ్ళ భాషలోనే వాచకాలు తయారు చేశారు. ఆ సంగతి సభల్లో ఎవరూ ఎత్తరు. ఉమ్మడి రాష్ట్రంలో 2000ల మొదట్లో ఎనిమిది గిరిజన భాషల్లో పుస్తకాలు వచ్చాయి. మా బడి బీరువాలో కొన్ని దొరికాయి, అంచులు ఎలకలు కొట్టేసినవి. వాటిని పట్టుకుని పిల్లల్నే అడిగి నేర్చుకోవడం మొదలెట్టాను. నేను ఒక మాట పలికితే పడీపడీ నవ్వేవారు. నవ్వనిచ్చాను. ఆ గదిలో అందరికంటే ఎక్కువ తప్పులు మాట్లాడేది టీచరే అని తెలిశాక, సంక్రాంతి సెలవుల నుంచి వచ్చేసరికి వాళ్ళకీ నోళ్ళు లేచాయి. గోల కూడా వచ్చిందనుకోండి. "సారు, నువ్వు రా" అని చెయ్యి పట్టుకు లాగేవారు. (మా దగ్గర ఆడ టీచరైనా సారే.) ఆ 'నువ్వు'కి చిన్నబుచ్చుకున్న టీచర్లను చూశాను. నేను కూడా మొదటి వారం చిన్నబుచ్చుకున్నాను.

ఇంకొక్కటి. క్లాసులో ఎవరు ఎవర్ని చూసి నవ్వుతారో క్లాసులో కూర్చుంటే తెలీదు. మధ్యాహ్న భోజనం దగ్గర చూడండి. ఎవరి పక్కన ఎవరు కూర్చుంటున్నారు, పళ్ళెం పట్టుకుని ఎవరు స్తంభం చాటుకి పోతున్నారు. ఆ 'హో' అన్నవాడికీ మీ అమ్మాయికీ మధ్య లెక్కల కంటే వేరే ఏదైనా ఉందేమో అక్కడ తెలుస్తుంది. ఒకే వీధి వాళ్ళా, వేరే వీధి వాళ్ళా అన్నది కూడా.

---

స్టడీ అవర్ (ప్రైవేటు స్కూలు, గుంటూరు)

అన్నీ వినడానికి బాగున్నాయండీ. సిలబస్ ఎవరు పూర్తి చేస్తారు? నాకు సెక్షన్‌కి 52 మంది, పీరియడ్ 40 నిమిషాలు. అటెండెన్సు, హోంవర్కు చూడ్డానికే పది పోతాయి. మూడు జవాబులు బోర్డు మీద రాసి ఓటింగ్ పెడితే నెలాఖరుకి యూనిట్ కాదు కదా, ఎక్సర్‌సైజు కూడా అవ్వదు. తల్లిదండ్రులే వచ్చి "కళ్ళు రెండూ వదిలేయండి సార్, మిగతాది మీ ఇష్టం" అని చెప్పి మరీ వెళ్తారు. దండం దశగుణం భవేత్ అని ఊరికే అన్నారా? నేను కొట్టను, ప్రమాణపూర్తిగా చెప్తున్నా. కానీ సార్ అంటే భయం ఉండాలి. భయం లేని గోల క్లాసులో ముందు నష్టపోయేది ఎవరనుకుంటున్నారు, ఆ కిటికీ పక్క అమ్మాయే. పెద్ద నోరున్నవాళ్ళు ఎలాగైనా బతికేస్తారు.

---

పాత లెక్కల సార్

తమ్మీ, నీ ఆఖరి మాట కాదనలేను. గోలల గూడ మెత్తటి పిల్లలే నలుగుతరు. కాని కొట్టను అని ప్రమాణం చేసినవు గద, 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ తీసి చూడు. దెబ్బల పక్కన్నే మానసిక వేధింపు అని గూడ రాసి ఉంటది. అందరి ముందట చిన్నబుచ్చుడు దాంట్ల రాదా? ఆ మాట తల్లిదండ్రులు చెప్పినా మారది.

కట్టుబాటు వద్దని నేననలే. నా క్లాసుల రెండుండె. ఒకరు మాట్లాడుతుంటె ఇంకొకరు మాట్లాడొద్దు. జవాబును చూసి నవ్వొచ్చు గని మనిషిని చూసి నవ్వొద్దు. మొదటిది తప్పితే సుద్దముక్క కింద పెట్టి ఊకె నిలబడేటోన్ని. జూన్ల ఒక్కో రోజు పది నిమిషాలు అట్లనే పోయేటియి. సిలబస్ వెనుకబడేది, ఒప్పుకుంట. దసరా వరకు అందుకునేటోన్ని. రెండు మూడు సంవత్సరాలు అందుకోలే గూడ, హెచ్‌ఎం తోటి మాటలు పడ్డ.

52 మంది అన్నవు. దానికి నా దగ్గర జవాబు లేదు.

---

మూడో బెంచీ

నేను టీచర్ని కాదు, ల్యాబ్ టెక్నీషియన్ని. పాప స్కూలు గురించి ఏదో వెతుకుతూ ఇక్కడికొచ్చి మొత్తం చదివేశాను.

నాకు నత్తి. ఇప్పుడు తగ్గింది, చిన్నప్పుడు బాగా ఉండేది. 'ప'తో మొదలయ్యే మాటొస్తే ఇక అంతే. అందరికీ పరీక్షలంటే భయం, నాకు అటెండెన్సంటే భయం. నా నంబరు 27. 20 దాటినప్పటి నుంచి 'ప్రెజెంట్ సార్' లోపల్లోపల అనుకుంటూ ఉండేవాణ్ణి. నా వంతు రాగానే ప... ప... అని ఆగిపోయేది. ఒక సార్ "బండి స్టార్ట్ కావట్లేదేంట్రా, కిక్కు కొట్టు" అనేవారు. ప్రేమగానే అనేవారు, ఇంటికి పిలిచి జామకాయలు కూడా ఇచ్చేవారు. క్లాసంతా నవ్వేది. ఎనిమిదో తరగతిలో నేను కావాలని ఆలస్యంగా వెళ్ళేవాణ్ణి, ఆ టైము దాటాక వెళ్తే గుమ్మం దగ్గర నిలబడితే చాలు కదా. ఆలస్యానికి గుంజీలు తీసేవాణ్ణి, అవే నయం.

హిందీ మేడం ఒకరు పాఠాన్ని క్లాసు మొత్తం చేత ఒకేసారి పైకి చదివించేవారు. అందరితో కలిసి చదివితే నాకు నత్తి వచ్చేది కాదు. చాలామంది నత్తివాళ్ళకి అంతేనని పెద్దయ్యాక స్పీచ్ థెరపిస్టు చెబితే తెలిసింది. మేడం తెలిసి చేశారో, గొంతు నొప్పుట్టి చేశారో తెలీదు. తర్వాత వరసకి ఒకసారి, తర్వాత ఇద్దరిద్దరు. ఒక రోజు నా పక్కవాడు తుమ్ముతూ ఆగిపోయాడు. నేను ఆగకుండా ఒక్కణ్ణే రెండు లైన్లు చదివేశాను. మేడం ఏమీ అనలేదు. "తర్వాతి జంట" అన్నారంతే. మెచ్చుకోనందుకు ఇప్పటికీ ఆవిడకి దణ్ణం పెడతాను. ఆ రోజు చప్పట్లు కొట్టించి ఉంటే మళ్ళీ నోరు తెరిచేవాణ్ణి కాదు.

మేడం గారూ, ఆ పాప చెయ్యి సగం ఎత్తుతోందన్నారు. దాన్ని అలాగే ప్రెజెంట్ వేసేయండి. "నోటితో చెప్పు" అనొద్దు. మాట్లాడిన రోజున మాత్రం దయచేసి పండగ చేయకండి.

---

సుద్దముక్క

అందరికీ నమస్కారాలు. మూడు రోజులు ఆగి రాస్తున్నా, ఏదైనా చేశాక రాద్దామని.

బోర్డు మీద జవాబులు రాయడం నిన్న చేశాను. అదే ప్రశ్న, −3, −8. వచ్చినవాళ్ళు 36 మంది. మైనస్ త్రీకి 12, మైనస్ ఎయిట్‌కి 17, 'రెండూ సమానం' అని 3. నలుగురు దేనికీ ఎత్తలేదు. సార్, మీరు పదిహేను అన్నారు, పదిహేడు! 'హో' అన్నవాడి చెయ్యి కూడా అందులోనే ఉంది. మా లీడరుని ఎందుకురా మైనస్ త్రీ అని అడిగితే "ట్యూషన్ సార్ చెప్పారు మేడం" అన్నాడు. గైడు కాదు, ఒక్క మాట తేడా.

అప్పు సంగతి ఎత్తేసరికి క్లాసు నా చేయి దాటిపోయింది. ఎవరింట్లో ఎంత అప్పుందో చెప్పుకోవడం మొదలెట్టారు. ఒకడు డ్వాక్రా వాయిదాలు నెలనెలా లెక్కకట్టి చెప్పాడు. ఆపడానికి నానా తంటాలు పడ్డాను. ఇంటి అప్పులు క్లాసులో బయటపడటం మంచిది కాదని అప్పుడు తట్టింది. ఈసారి కొట్టు ఖాతా అనో, పక్కవాడికి బాకీ పెన్సిళ్ళు అనో చెప్పాలి.

పక్క గది సార్ రెండుసార్లు వచ్చారు. రెండోసారి బోర్డు చూసి "ఏంటమ్మా, ఓట్ల లెక్కింపా?" అన్నారు. పిల్లలు నవ్వారు, ఆయనా నవ్వారు. కాసేపు నిలబడి వెళ్ళిపోయారు. బెత్తం మాత్రం చంకలోనే ఉంది.

సారీ చెప్పడం నేను అనుకున్నట్టు జరగలేదు. "మొన్న ఈ ప్రశ్న దగ్గర నేను తొందరపడ్డాను" అన్నాను. ముందు బెంచీ వాడు "ఎప్పుడు మేడం?" అన్నాడు. ఎవరికీ గుర్తు లేదు! ఆ పిల్ల ఒక్కతే తలెత్తింది, మళ్ళీ దించేసి మార్జిన్ గీసుకుంది. అంతే. ఇంతవరకు మాట్లాడలేదు. సగం చెయ్యికి ప్రెజెంట్ వేస్తున్నాను. అది చూసి ఇంకో ముగ్గురు కూడా నోరు తెరవడం మానేసి చేతులెత్తుతున్నారు, దీన్నేం చేయాలో మళ్ళీ వేరే పోస్టు పెట్టాలేమో.

అక్కా, భోజనాల దగ్గర చూశాను. ఆ పిల్లకి స్నేహితురాలు ఒకమ్మాయి ఉంది, బి సెక్షన్. ఇద్దరూ కుళాయి దగ్గర గంటసేపు మాట్లాడుకుంటారు. అంత మాట్లాడుతుందని నాకు తెలీదు.

రెండు పేజీలు మళ్ళీ మొదలుపెట్టాను. మొదటి వాక్యం "నాలుగో వారం మూడో పీరియడ్లో నేను నవ్వాను" అని. వైవాలో ఏమంటారో చూడాలి.

సార్, ఒక్క సందేహం. సంఖ్యారేఖ మీద పిల్లల్ని నిలబెడదామని వరండాలో సుద్దతో గీశాను. భోజనాల లైను నడిచేసరికి మైనస్ వైపంతా చెరిగిపోయింది. రోజూ గీయడం నావల్ల కాదు. ఏం చేయమంటారు?

---

పాత లెక్కల సార్

సుద్ద ఆగది బిడ్డా. జాజు (ఎర్రమన్ను) దొరికితే నీళ్ళల్ల చిక్కగ కలిపి బట్టపేలిక తోటి గియ్యి, నెల రోజులు ఉంటది. దొరకకపోతే ఇటుక పెంక. ముందుగాల హెచ్‌ఎంను ఒకమాట అడుగు. సున్నను గుమ్మం ముందట పెట్టకు, వచ్చేటోళ్ళు పోయేటోళ్ళు అందరు దాని మీదనే నిలబడ్తరు. మైనస్ దిక్కు పది దాక పోవాలె. అడుగుకొకటి పెడితే పిల్లలు ఇరుకైతరు, అడుగున్నర పెట్టు.

గీత నువ్వు గియ్యకు. వంకర లేకుండ మార్జిన్ గీసే చెయ్యి ఉన్నది గద నీ క్లాసుల, కిటికీ పక్కన. జాజు గిన్నె ఆమెకియ్యి. బి సెక్షన్ల దోస్తును గూడ పిలవమను.